విశాఖపట్నపు పాముల పండితుడు: పాట్రిక్ రస్సెల్

జంతుశాస్త్ర గ్రంథాలలో కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అని పేరు. కళాశాల విద్యార్థులు ఇది లాటిన్ పదమని తలచి కంఠస్థం చేస్తుంటారు. లాటినులో గాని గ్రీకులో గాని దీనికి మూలం వెదకి లాభం లేదు. ఇది మన బంగారమే. నల్లని ఒంటిపై పసుపుపచ్చని వెడల్పు పట్టెలు గల పామొకటి తూర్పుతీరాన కలదు. పద్దెనిమిదవ శతాబ్దిలో మనవారు దానిని బంగారు పాము అన్నారు. ఆ మాట విన్న స్కాట్లండు వైద్యుడొకడు తన చెవికి తోచినట్లు దానిని ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్నాడు. ఆ వ్రాతను ఆధారం చేసికొని 1803లో దోదాన్ అనే ఫ్రెంచి పండితుడు కట్లపాముల ప్రజాతికంతటికీ ఆ పేరే స్థిరపరచినాడు. నాటినుండి ప్రపంచంలో ఏ భాషవాడైనా కట్లపామును శాస్త్రీయంగా పేర్కొనవలసి వస్తే, తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతున్నాడు.

ఆ పేరు వ్రాసికొన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్. అతడు పుట్టుకచేత స్కాట్లండువాడు, వృత్తిచేత వైద్యుడు. యౌవనం సిరియాలో గడచినది. పాములతో అతనికి పరిచయమైనది ఏబదియవ పడి దాటిన తరువాత, విశాఖపట్నంలో. ప్రకృతిశాస్త్రం అతనికి జీవనోపాధిగా మొదలు కాలేదు. అభిరుచిగా మొదలై, అవసరంగా పెరిగి, చివర మూడు నాలుగు సంవత్సరాలు మాత్రమే ఉద్యోగమైనది.

రస్సెల్ 1727 ఫిబ్రవరి 6వ తేదీన ఎడింబరో నగరంలో జన్మించినాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. పెద్ద కుటుంబం. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించుకొని, 1750లో పాట్రిక్ అలెప్పో నగరానికి పయనమైనాడు. అతని సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ అక్కడి ఇంగ్లీషు వర్తక కంపెనీకి వైద్యుడు. ఈ అన్నగారికి ప్రకృతిశాస్త్రం మీద ఎంత మక్కువ అంటే, అలెప్పో నగరపు గాలి, నీరు, మొక్కలు, జంతువులు, జనుల అలవాట్లు, వ్యాధులు అన్నింటినీ కలిపి 1756లో ఒక గ్రంథమే ప్రకటించినాడు. తమ్మునికి ఇంతకు మించిన గురుకులం ఏముంటుంది? 1753లో అన్న స్వదేశానికి మరలిపోగా తమ్ముడు ఆ స్థానంలో నియుక్తుడై, మరి పదునెనిమిది సంవత్సరాలు అక్కడనే ఉండిపోయినాడు.

అలెప్పోలో అతడు చేసిన పనిలో రెండు సంగతులు మనకు ముఖ్యం. 1760 మొదలు 1762 వరకు ఆ నగరంలో ప్లేగు చెలరేగినది. రస్సెల్ రోగులకు చికిత్స చేస్తూ, వ్యాధి లక్షణాలనూ, అది ఇల్లిల్లూ సాగిన క్రమాన్నీ ఓపికగా నమోదు చేసినాడు. రెండవది, మశూచికి టీకాలవంటి ప్రక్రియ ఒకటి అరబ్బులలో పూర్వంనుండి ఉన్నదని విని, దానిని గూర్చి అక్కడివారినే అడిగి తెలిసికొని, ఆ విషయాలను లండనుకు వ్రాసి పంపినాడు. 1768లో అది రాయల్ సొసైటీ పత్రికలో వచ్చినది. పెద్దచదువు చదివిన వైద్యుడు సామాన్యుల ఎరుకను అడిగి వ్రాసికొనడం ఆ కాలంలో అంత సులభమైన గుణం కాదు. విశాఖపట్నంలో ఈ గుణమే అతనికి అక్కరకు వచ్చినది.

1771లో అలెప్పో విడిచి, మరుసటి సంవత్సరం ఇంగ్లండు చేరుకొని లండనులో వైద్యం ప్రారంభించినాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. సర్ జోసెఫ్ బ్యాంక్స్ వంటి పండితుల స్నేహం కలిసినది. ఇక అక్కడనే సుఖంగా కాలం గడపవచ్చును. కాని 1781లో అతని తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ పక్షాన విశాఖపట్నంలో పెద్ద అధికారిగా రావలసి వచ్చినది. అన్నగారు కూడ బయలుదేరినాడు. అప్పటికి పాట్రిక్ వయస్సు ఏబది నాలుగేండ్లు. చేతిలో ఏ ఉద్యోగమూ లేదు.

ఉత్తర సర్కారులు కంపెనీవారి పాలనలోకి వచ్చి అప్పటికి పదునైదు సంవత్సరాలు మాత్రమే అయినది. విశాఖపట్నమంటే సముద్రపుటొడ్డున ఒక కోట, వర్తకుల గిడ్డంగులు, బెస్తల పల్లెలు, వెనుక కొండలు. రస్సెల్ మొదట మొక్కల మీద పడినాడు. ఈ ప్రయత్నంలో అతనికి తోడుపడినవాడు కోనిగ్. లిన్నేయస్ మహాపండితుని శిష్యుడైన ఈ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, పిమ్మట కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడై దేశమంతా తిరిగినవాడు. 1785 జూన్ 26న కాకినాడను ఆనుకొన్న జగన్నాథపురంలో అతడు మరణించినాడు. ఖాళీ అయిన ఆ పదవి రస్సెల్‌కు లభించినది. ఊరక చూచి ఆనందించేవాడు ఇప్పుడు జవాబుదారీ వహించవలసినవాడైనాడు.

మొక్కల పనికి నియమించిన మనిషి పాముల వైపు ఎందుకు మరలినాడు? కారణం కళ్ళ ఎదుట ఉన్నది. పొలానికి పోయిన రైతు తిరిగి రాడు. నేలమీద నిద్రించిన బిడ్డ లేవదు. కరచినది ఏ పామో చెప్పగలవారు లేరు. చూచినవాడు చీకటిలో చూచినాడు. చంపి తెచ్చినా అది విషజంతువా కాదా అన్నది తెలియదు. ఒకడు మంత్రం వేస్తాడు, ఒకడు పసరు పోస్తాడు, ఒకడు మాత్ర మింగిస్తాడు. రోగి బ్రతికితే మందు గొప్ప, చనిపోతే విధి బలీయం. వైద్యుడైన రస్సెల్ అన్నింటికంటె ముందు ఒక ప్రశ్నకు సమాధానం కావాలన్నాడు. చదువురాని మనిషి కూడ ఒక్క చూపులో విషసర్పాన్ని సాధుసర్పంనుండి వేరుపరచగల గుర్తు ఏదైనా ఉన్నదా? నేడు హైదరాబాదు నగరంలో షేక్‌పేట, జూబ్లీహిల్స్ ప్రాంతాల రాతిగుట్టలను ఆనుకొని లేచిన ఇండ్ల పెరటిలోకి పాము వచ్చినప్పుడు ఇంటివారు మొట్టమొదట అడిగేదీ ఆ ప్రశ్ననే.

సమాధానం కోసం అతడు పాములను సేకరించసాగినాడు. పాములవాళ్ళు పట్టి తెచ్చినవి కొన్ని, ఇతర ప్రాంతాలలోని పరిచయస్థులు పంపినవి కొన్ని. బంగారు పాము గంజాం జిల్లాలోని మన్సూరుకోటనుండి వచ్చినది. నేడు చిన్న పింజర అనబడే పాము దక్షిణాన ఆర్ని అనే ఊరినుండి చేరినది. ప్రతి పాముకూ ఒకే పద్ధతి. పొడుగు కొలవాలి. రంగు, మచ్చలు వ్రాయాలి. పొట్టక్రింది అడ్డపలకలు ఎన్నో లెక్కపెట్టాలి. తోకక్రింది పొలుసులు ఎన్నో, ఒంటి వరుసా జంట వరుసా చూడాలి. నోరు తెరచి పళ్ళు పరీక్షించాలి. చిత్రకారుని చేత బొమ్మ వ్రాయించాలి. చర్మాన్ని నిలువునా చీల్చి సగభాగాన్ని ఎండబెట్టి దాచాలి. ఇంతా ముగిసిన తరువాత, తెచ్చినవానిని అడిగి ఆ పాముకు ఊరిలో ఉన్న పేరు వ్రాసికొనాలి.

ఈ చివరిపని లేకపోతే రస్సెల్ మనకింత ఆత్మీయుడు కాడు. ఆనాటి ఇంగ్లీషువారు తెలుగును జెంటూ భాష అనేవారు. ఆ జెంటూ పేర్లను అతడు ఇంగ్లీషు అక్షరాలలో పెట్టగా కొన్ని చక్కగా నిలిచినవి, కొన్ని వంకరపోయినవి. జెర్రిపోతు, పెద్దపొడ, చింతనాగు, పసిరిక పాము అన్నవి ఎవరైనా గుర్తుపట్టగలరు. బొద్రుపాము, గెడి పరగుడు వంటి మాటలను నేటి విద్యార్థి నిఘంటువు సహాయం లేక పోల్చుకోలేడు. గెడి పరగుడు అన్నది మరేదో కాదు, మన ఇండ్లలోకి వచ్చే కట్లపామే. పేర్లు చెప్పిన పాములవాళ్ళ పేర్లూ, బొమ్మలు వేసిన దేశీయ చిత్రకారుల పేర్లూ మాత్రం శాస్త్రచరిత్రలో ప్రసిద్ధికి రాలేదు. పాముకు దక్కిన పేరు పాము పట్టినవానికి దక్కలేదు.

పేర్లలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది కాటుకరేకుల పొడ. పొడ అంటే మచ్చ. గోధుమవన్నె ఒంటిమీద గుడ్డాకారపు మచ్చలు మూడు వరుసలుగా, గొలుసు కట్టినట్లు సాగుతాయి. ఒక్కొక్క మచ్చకు కాటుక దిద్దినట్లు నల్లని అంచు. పేరు పెట్టిన అజ్ఞాత వ్యక్తి ఎవరో గాని కవిహృదయం కలవాడు. ఇది రక్తపింజర. తెలుగునాట ప్రాణాలు తీసే పాములలో అగ్రస్థానానికి పోటీపడేది. నాగుపాము తరువాత ఇంతటి ఘోరవిషం గల పాము మరొకటి లేదని రస్సెల్ అభిప్రాయపడినాడు.

ఇక్కడనే అతని చిక్కు ఆరంభమైనది. జనులు కొండచిలువను పెద్దపొడ అన్నారు, రక్తపింజరను కాటుకరేకుల పొడ అన్నారు. రెండింటికీ పొడలే గుర్తు. ఒకదానికి విషమే లేదు, రెండవది మృత్యుదేవత. కొండచిలువ పిల్లనూ రక్తపింజరనూ చూచి నేటికీ జనులు పొరబడుతున్నారు. కనుక రంగును నమ్మి లాభం లేదు. ఊరి పేర్లు పామును పోల్చుకొనడానికి మిక్కిలి ఉపకరిస్తాయి గాని విషాన్ని చెప్పవు.

పోనీ, యూరపు పండితుల పద్ధతి చెబుతుందా? లిన్నేయస్ పాములను పొలుసుల లెక్కతో విభజించినాడు. తోకక్రింద పలకలు ఒంటి వరుసగా ఉంటే బోవా వర్గం, జంటలుగా ఉంటే కోలుబర్ వర్గం. చూడడానికి ఎంత సులభమైన సూత్రం! రస్సెల్ దానిని మన పాములకు అన్వయించినాడు. ఫలితం విచిత్రం. కట్లపాముకూ, బంగారు పాముకూ, చిన్న పింజరకూ తోకక్రింద ఒంటి వరుస. కాబట్టి ఈ మూడు విషసర్పాలూ బోవాలతో కలిసినవి. నిజంగా బోవా బంధువైన కొండచిలువకు జంట వరుస. అది నాగుపాముతో కలిసి కోలుబర్ అయినది. పొట్టక్రింది పలకల సంఖ్య చూతమా అంటే, ఒకే జాతిలో ఒక పాముకూ మరొక పాముకూ ఆ సంఖ్య భేదిస్తుంది. లెక్క చక్కగా ఉన్నది, విషం లెక్కకు అందలేదు.

చివరకు నిలిచిన గుర్తు కోరలు ఒక్కటే. జెర్రిపోతు వంటి సాధుసర్పం నోటిలో చిన్నపళ్ళు వరుసలు తీరి ఉంటాయి. నాగుపాముకూ, పింజరకూ పైదవడ ముందుభాగాన రెండు ప్రత్యేకమైన కోరలు, వాటిలో విషం పారే కాలువ, వెనుక విషపుతిత్తి. ఇది నిస్సందేహమైన లక్షణం. అయితే కోరలు చూడవలెనంటే పామును పట్టవలె, లేదా చంపవలె. పాములవాని బుట్టలోని నాగుకు కోరలు ఊడబెరికే అలవాటు ఉన్నది గనుక అక్కడ ఆ గుర్తు కూడ మోసగిస్తుంది. దారిన పోయేవానికి దూరంనుండి పనికివచ్చే సులభమైన గుర్తు ఒకటి ఇమ్మని రస్సెల్ తనను తాను అడిగినాడు. అట్టిది లేదని తేలినది. లేనిదానిని ఉన్నదని చెప్పకుండా, ఒక్కొక్క పామునూ విడివిడిగా నేర్చుకొనవలసినదే అని నిశ్చయించి, అందుకు కావలసిన బొమ్మలూ వర్ణనలూ సిద్ధపరచడానికి పూనుకొన్నాడు. అతని గ్రంథానికి విలువ తెచ్చినది ఈ నిశ్చయమే.

విషం పనిచేసే తీరు తెలియడానికి అతడు కోళ్ళమీదా, కుక్కలమీదా ప్రయోగాలు చేసినాడు. పాము చేత కరపించి, ఎంతసేపటికి ఏ లక్షణం కనిపించినదో సమయంతోసహా వ్రాసినాడు. ఆ పుటలు చదవడానికి మనస్సు ఒప్పదు. కాని ఆ ప్రయోగాలలోనే ఒక పెద్ద భ్రమ పటాపంచలైనది. దక్షిణదేశంలో తంజావూరు మాత్ర అని ఒకటి పాముకాటుకు దివ్యౌషధంగా పేరు పొంది ఉండినది. అందులో పాషాణం ముఖ్యద్రవ్యం. కంపెనీ వైద్యులు కూడ దానిని నమ్మినారు. రస్సెల్ దానిని పరీక్షించి చూచి, అది విషాన్ని విరువజాలదని తేల్చినాడు.

మరి ఆ మాత్ర మింగి బ్రతికినవారి మాటేమి? ఇక్కడ అతని ఆలోచన ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. కరచిన పాములలో ఎక్కువ భాగం విషం లేనివి. విషసర్పమే కరచినా ప్రతిసారీ చాలినంత విషం ఎక్కదు. అట్టివారు మందు లేకున్నా బ్రతికేవారే. బ్రతికినవానిని చూపి మందును పొగడేముందు, కరచినది ఏ పామో నిర్ధారణ కావలె. పామును గుర్తుపట్టడం రాని చోట మందు గుణాన్ని నిర్ణయించడం కూడ సాధ్యం కాదు. ఒక అభిరుచిగా కనిపించే నమూనాల సేకరణ ఇక్కడ వైద్యానికి పునాది అయినది.

పాములు ఒక్కటే కాక అతని దృష్టి నలుదిక్కులా పోయేది. వెదురు కణుపులలో పేరుకొనే వెదురుప్పును సేకరించి లండనుకు పంపినాడు. దానినిగూర్చి అతడు వ్రాసిన వ్యాసం 1790లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఆ వెదురుప్పును రసాయనికంగా పరీక్షించి మరుసటి సంవత్సరం ఫలితాలు ప్రకటించిన యువకుడు జేమ్స్ మేసీ. ఇతడే తరువాత స్మిత్‌సన్ అని పేరు మార్చుకొని, తన ఆస్తిని అమెరికాకు వ్రాసి ఇచ్చి, వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు మూలపురుషుడైనాడు. ఆంధ్రదేశపు వెదురుపొదకూ ఆ మహాసంస్థ స్థాపకునికీ ఇట్లొక చుట్టరికం.

సముద్రం ఎదుటనే ఉండగా చేపలను వదలుతాడా? బెస్తలు ఒడ్డుకు తెచ్చిన చేపలను చూచి, బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతోసహా రెండు వందల చేపల వివరం సమకూర్చినాడు. ఇది 1803లో రెండు సంపుటాలుగా లండనులో వెలువడినది. విశాఖపట్నం పేరు ఆ గ్రంథశీర్షికలోనే ఉన్నది. అందులోని పేర్లు కూడ పాముల పేర్లవలెనే దేశాలు తిరిగినవి. గొరక చేప నేటికీ శాస్త్రనామంలో గువోరకా అని నిలిచి ఉన్నది. మన తీరాన సొర అనే మాట ఒక జాతి షార్కుకు శాస్త్రనామమైనది. విశాఖ రేవులో బెస్తలు ఎవరో విదేశీయునికి చెప్పిన మాటలు ప్యారిసు, బెర్లిను పండితుల గ్రంథాలకు ఎక్కినవి.

1789 జనవరిలో రస్సెల్ తమ్ముని కుటుంబంతో కూడ స్వదేశానికి ఓడ ఎక్కినాడు. అతని పదవి రాక్స్‌బరోకు దక్కినది. సామర్లకోటలో తోటలు పెంచి, పిమ్మట కలకత్తా వృక్షోద్యానానికి అధిపతియై ప్రసిద్ధి కెక్కిన రాక్స్‌బరో ఇతడే. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి అతడు వ్రాసిన మహాగ్రంథం 1795లో వెలువడ నారంభించినప్పుడు దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెల్. కోనిగ్ మొదలుపెట్టిన పని, రస్సెల్ కాపాడిన పని, రాక్స్‌బరో చేతిలో ఫలించినది.

లండను చేరిన రస్సెల్ తీరిక అనేది ఎరుగడు. అరువది దాటిన వయస్సులో 1791లో ప్లేగు గ్రంథం, 1794లో అన్నగారి అలెప్పో గ్రంథానికి పెంచిన కూర్పు, 1796లో కోరమాండల్ తీరపు పాముల గ్రంథం మొదటి సంపుటం. ఈ చివరిది కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞపై అచ్చయినది. పెద్ద పుటలు, నలుబదికి మించిన రంగుల పటాలు. ఒకటవ పటం గెడి పరగుడు, రెండవది ఆర్నినుండి వచ్చిన చిన్న పింజర, మూడవది బంగారు పాము. తరువాత నాగులు, కాటుకరేకుల పొడ, ఇంకా అనేకం.

ఒక విశేషం గమనించదగినది. భారతదేశంలో పాముకాటుకు నేడు ఇచ్చే విషవిరుగుడు సూది మందు నాలుగు పాముల విషాలనుండి తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగింటి బొమ్మలూ 1796 నాటి ఆ సంపుటంలో ఉన్నవి. సీరం వైద్యాన్ని ఫ్రాన్సులో కాల్మెట్ కనుగొన్నది దానికి సుమారు నూరేండ్ల తరువాత. రస్సెల్ కాలానికి విరుగుడే లేదు. ఏది శత్రువో గుర్తించడం వరకే అతని చేతనైనది. ఇన్ని మందులు వచ్చినా మన దేశంలో 2000 మొదలు 2019 వరకు ఇరువది సంవత్సరాలలో పన్నెండు లక్షలమంది పాముకాటుకు బలియైనారని పరిశోధకుల అంచనా. ఆ మృత్యువు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో తెలుగునేల ఒకటి.

గ్రంథం యూరపులో పండితుల చేతులలో పడినది. ఇక పేర్లు పెట్టే ఉత్సవం సాగినది. రస్సెల్ తన పాములకు దేశీయ నామాలే ఉంచినాడు గాని లిన్నేయస్ రీతి జంటపేర్లు పెట్టలేదు. శాస్త్రనియమం ప్రకారం జంటపేరు పెట్టినవానికే కీర్తి. జర్మనీలో ష్నైడర్ అనే గ్రీకు నిఘంటుకర్త ఉండేవాడు. భారతదేశం ముఖం చూచినవాడు కాడు. అతడు రస్సెల్ పటాలను చూచి 1801లో కట్లపాముకు, బంగారు పాముకు, చిన్న పింజరకు నామకరణం చేసినాడు. ఇంగ్లండులో షా అనే పండితుడు 1802లో బొద్రుపాముకు పేరు పెట్టినాడు. విశాఖలో ఎండలో నిలిచి పొలుసులు లెక్కపెట్టినవాడొకడు, పేరు ప్రక్కన చేరినవాడు మరొకడు. కాని ఆ పటాలు ఎంత నిక్కచ్చిగా లేకపోతే, పామును ఎన్నడూ చూడనివారు బొమ్మను చూచి జాతిని నిర్ణయించగలిగినారు? ఇంతటి పొగడ్త రస్సెల్‌కు మరొకరు ఇవ్వలేదు.

ఒక్క పాముకు మాత్రం షా పండితుడు న్యాయం చేసినాడు. 1797లో కాటుకరేకుల పొడకు శాస్త్రనామం పెట్టవలసివచ్చినప్పుడు దానికి రస్సెల్ పేరునే ఇచ్చినాడు. నాటినుండి రక్తపింజర ప్రపంచానికి రస్సెల్ వైపర్. ప్రాణాలు కాపాడ గోరిన వైద్యుని పేరు ప్రాణాంతకమైన పాముకు అంటుకొన్నది. దానికి ఆయన సంతోషించినాడో లేదో!

వృద్ధాప్యంలో కూడ పాములమీది ఆసక్తి తగ్గలేదు. బొద్రుపాము ముఖాన ముక్కుకూ కంటికీ నడుమ ఒక చిన్నగుంట ఉండడం విశాఖలోనే అతని దృష్టికి వచ్చినది. అది చెవియా, ముక్కుపుటమా, మరేదైనానా? 1804లో శరీరశాస్త్రజ్ఞుడు ఎవరార్డ్ హోం సహకారంతో దానిని గూర్చి రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించినాడు. ఆ గుంట వేడిని పసిగట్టే ఇంద్రియమని 1930ల నాటి ప్రయోగాలలో గాని తేలలేదు. నాగుపాము పడగ విప్పడం ఎట్లా అన్నది అదే సంవత్సరం వెలువడిన మరొక వ్యాసం. మెడభాగపు పొడవైన ప్రక్కటెముకలు కండరాల బలంతో పైకి లేచి చర్మాన్ని విప్పుతాయని, గాలి నింపుకొని పడగ ఉబ్బుతుందన్న తలంపు సరికాదని అందువలన స్పష్టమైనది.

రెండవ సంపుటం 1801నుండి భాగాలుగా రాసాగినది. అది ముగియకముందే 1805 జులై 2వ తేదీన రస్సెల్ లండనులో మరణించినాడు. అతడు వివాహమాడలేదు. మిగిలిన భాగాలు 1807లోనూ 1809లోనూ వెలువడినవి. విశాఖపట్నంలో నిలువునా చీల్చి ఎండబెట్టిన ఆ సర్పచర్మాలలో కొన్ని నేటికీ లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఉన్నవి. కట్లపాము జాతిని గూర్చి సందేహం కలిగిన పండితులు ఇప్పటికీ వాటి పొలుసులు మళ్ళీ లెక్కపెడుతుంటారు.